మధుమేహం ఉన్నవారు పాదాలను ఎలా కాపాడుకోవాలి

పాదానికి ఏమైనా అయితే నొప్పి పుడుతుంది, అప్పుడు చూసుకుందాంలే అన్న ధీమా మధుమేహం ఉన్నవారికి పనికిరాదు. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే, శరీరంలోని అతి పొడవైన నరాలు ముందుగా దెబ్బతింటాయి. అవి చేరేది కాలివేళ్ళకే కనుక మొద్దుబారడం అక్కడ మొదలై మెల్లగా పైకి పాకుతుంది. అప్పుడు చెప్పులో రాయి దూరినా, మేకు గుచ్చుకున్నా, పట్టీ ఒరుసుకొని బొబ్బ లేచినా తెలియదు. దానికి తోడు కాళ్ళకు వెళ్ళే రక్తనాళాలు సన్నబడితే పుండు మానడానికి కావలసినంత రక్తం అందదు. తిమ్మిర్లు, మంటలు ఉన్నవారికే ఈ జాగ్రత్తలు అవసరమని చాలామంది అనుకుంటారు గానీ, ఏ బాధా లేకుండానే స్పర్శ పోయినవారు ఎందరో ఉంటారు. నా దృష్టిలో ఎక్కువ జాగ్రత్త కావలసింది వారికే.

స్పర్శ ఉందో లేదో ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. మధుమేహం ఉన్న వ్యక్తి కళ్ళు మూసుకొని పడుకోవాలి. మరొకరు చూపుడువేలి కొసతో ఆ వ్యక్తి కాలివేళ్ళ చివరలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు సెకన్ల పాటు, ఊరికే తాకాలి. నొక్కడం, గుచ్చడం, గీరడం చేయకూడదు. ముందు కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, తరువాత ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, చివరగా రెండు పాదాల నడిమి వేళ్ళు. తాకినట్టు తెలిసినప్పుడల్లా ఏ కాలో చెప్పాలి. తెలియని చోట మళ్ళీ తాకి చూడకూడదు. ఆరింటిలో రెండు గానీ అంతకంటే ఎక్కువ గానీ తెలియకపోతే రక్షణనిచ్చే స్పర్శ తగ్గిందని భావించి వైద్యుడికి చూపించుకోవాలి. అన్నీ తెలిసినంత మాత్రాన ఆసుపత్రిలో చేసే పరీక్ష అక్కరలేదని కాదు.

ఇక రోజువారీ పని. ప్రతి సాయంత్రం చెప్పులు విప్పాక, మంచి వెలుతురులో రెండు పాదాలనూ పైనా కిందా, మడమల వెనుకా, వేళ్ళ సందుల్లోనూ చూడాలి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకొని అరికాలు చూసుకోవచ్చు. ఫోనుతో ఫొటో తీసుకొని పెద్దది చేసి చూడడం ఇంకా తేలిక. మధుమేహం వల్ల చూపు కూడా మందగించినవారు ఈ పనిని ఇంట్లో మరొకరికి అప్పగించడం మేలు. బొబ్బలు, పగుళ్ళు, రంగు మారిన చోట్లు, వేళ్ళ మధ్య తెల్లగా నానిన చర్మం కోసం వెతకాలి. ఆనెకాయను ప్రత్యేకంగా గమనించాలి. గట్టిపడిన చర్మం కింద ముదురు ఎరుపుగానో నల్లగానో మచ్చ కనబడితే లోపల రక్తం చిమ్మిందని అర్థం. పైకి ఏమీ లేనట్టున్నా దాని అడుగున పుండు తయారవుతూ ఉండవచ్చు. విప్పిన మేజోళ్ళ మీద తడి మరక ఉందేమో కూడా చూడాలి.

కడుక్కోవడానికి గోరువెచ్చని నీళ్ళు చాలు, వేడి 37 డిగ్రీల సెల్సియస్‌ దాటకూడదు. మొద్దుబారిన కాలితో వేడిని పరీక్షించకుండా మోచేతితో గానీ థర్మామీటరుతో గానీ చూసుకోవాలి. వేళ్ళ సందులు తడి లేకుండా తుడిచి, పొడిబారిన మడమలకు మాయిశ్చరైజర్ రాయాలి, సందుల్లో మాత్రం రాయకూడదు. గోళ్ళను మూలల్లోకి కోయకుండా అడ్డంగా, తిన్నగా కత్తిరించాలి. ఆనెకాయలను బ్లేడుతో చెక్కడం, మందు పట్టీలు అంటించడం రెండూ మానుకోవాలి. ఆ పట్టీల్లోని ఆమ్లం ఆనెకాయతో పాటు పక్కనున్న మంచి చర్మాన్నీ తినేస్తుంది. వేడినీళ్ళ సంచితో కాళ్ళకు కాపడం పెట్టుకోవడమూ వద్దు.

చాలా పుండ్లకు పాదరక్షలే మూలం కాబట్టి వాటి ఎంపికలో మొహమాటం పనికిరాదు. సాయంత్రానికి పాదాలు కొంత ఉబ్బుతాయి, అందుకే ఆ వేళకే కొనాలి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ గీత గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించి తీసుకెళ్ళి బూటులో పెట్టి చూడండి. అది ఎక్కడ ముడుచుకుంటే పాదమూ అక్కడే నలుగుతుంది. లోపలి పొడవు పాదం కంటే 1 నుంచి 2 సెంటీమీటర్లు ఎక్కువ ఉండాలి. వెడల్పు వేళ్ళ మొదళ్ళ దగ్గర సరిపోవాలి. బొటనవేలి సందులో పట్టీ ఉండే చెప్పులు అక్కడ ఒరుసుకుంటాయి, వెనుక పట్టీ లేనివి మొద్దుబారిన కాలి నుంచి జారిపోయినా తెలియదు. కొత్తవాటిని మొదట గంట రెండు గంటలు మాత్రమే వేసుకొని, విప్పగానే ఎర్రబడిన చోట్లు ఉన్నాయేమో చూడాలి. తొడుక్కునే ముందు ప్రతిసారీ లోపల చెయ్యి పెట్టి తడమాలి. ఇంట్లో కూడా వట్టి కాళ్ళతో నడవకూడదు.

పుండు కనబడితే శుభ్రమైన నీటితో కడిగి, పొడి గుడ్డకట్టు కట్టి, ఆ కాలిమీద బరువు మోపడం తగ్గించి, ఆ రోజే లేదా మరునాడే వైద్యుడిని కలవాలి. నొప్పి లేని పుండుమీద నడుస్తూనే ఉంటే ఎంత మంచి మందు వాడినా అది మానదు. ఎరుపు పాకుతున్నా, చీము, దుర్వాసన, జ్వరం ఉన్నా, వేలు నల్లబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పుండేమీ లేకుండా ఒక పాదం మాత్రమే వాచి, ఎర్రబడి, రెండోదానికంటే వెచ్చగా ఉంటే దాన్ని బెణుకని కొట్టిపారేయకూడదు. ఎముకలు లోపల చడీచప్పుడు లేకుండా విరిగి పాదం ఆకారమే మారిపోయే చార్కో పాదం ఇలాగే మొదలవుతుంది, తొలి ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు.

ఏ ఇబ్బందీ లేనివారు కూడా ఏడాదికి ఒకసారి పాదాల పరీక్ష చేయించుకోవాలి. 10 గ్రాముల ఒత్తిడికి వంగే సన్నని నైలాన్ పోగుతో స్పర్శను, వేళ్ళతో నాడిని అందులో చూస్తారు. స్పర్శ గానీ రక్తప్రసరణ గానీ తగ్గినవారికి 6 నుంచి 12 నెలలకు ఒకసారి, రెండూ తగ్గినా, వాటిలో ఒకదానితో పాటు పాదం వంకరపోయినా 3 నుంచి 6 నెలలకు ఒకసారి అవసరం. ఒకసారి పుండు మానినవారిలో సుమారు 40 శాతం మందికి ఏడాదిలోపే మళ్ళీ వస్తుంది కనుక వారు 1 నుంచి 3 నెలలకు ఒకసారి వెళ్ళాలి. వెళ్ళేటప్పుడు దాచుకున్న కొత్త జత కాకుండా రోజూ వాడే పాదరక్షలే వేసుకొని వెళ్ళాలి; అడుగు ఏ వైపు అరిగిందో చూస్తే పాదంలో బరువు ఎక్కడ ఎక్కువ పడుతోందో వైద్యుడికి తెలుస్తుంది.