ట్రాక్ డేకి మన కారు – 4వ పాఠం: రేస్ ప్యాడ్‌లు ఇంట్లో బిగించాలా, ట్రాక్ దగ్గరా?

పోయిన పాఠంలో బ్రేక్ ఆయిల్ మార్చడం, పైపుల్లో గాలి తీయడం నేర్చుకున్నాం. ఆ పని ఇంకా చేయనివాళ్లు ముందు అది పూర్తి చేసి రండి. ఆయిల్ పాతదైతే ఎంత ఖరీదైన ప్యాడ్‌లు వేసినా దండగే.

ఈసారి ప్యాడ్‌ల వంతు. బ్రేకు తొక్కినప్పుడు, చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లేన్ని, అంటే డిస్క్‌ను, రెండు పక్కలా నొక్కి పట్టే పలకలే ప్యాడ్‌లు. ట్రాక్ డేలకు, అంటే సొంత కారును రేస్ ట్రాక్ మీద నడిపే రోజులకు, కొత్తగా వెళ్లేవాళ్లంతా అడిగేది ఒకటే: "రేస్ ప్యాడ్‌లు ఇంటి దగ్గరే వేసుకుని, అలాగే నడుపుకుంటూ వెళ్లిపోవచ్చా?" నా మాట ముందే చెప్పేస్తాను. వద్దు. రోడ్డు ప్యాడ్‌లతో వెళ్లండి, ట్రాక్ దగ్గర మార్చుకోండి. అది కుదరనివాళ్లు ఎలా వెళ్లాలో చివర్లో చెప్తాను. కానీ ఎందుకు వద్దో ముందు అర్థం కావాలి.

బ్రేకు వేసినప్పుడు బండి వేగం ఎక్కడికీ పోదు, వేడిగా మారుతుంది. 1,100 కిలోల కారు గంటకు 150 కిలోమీటర్ల నుంచి 80కి దిగిందనుకోండి. దాదాపు 680 కిలోజౌళ్ల శక్తి వేడైపోతుంది. అందులో 70 శాతం ముందు చక్రాల మీద పడుతుందనుకుని, ముందు డిస్క్ ఒక్కోటీ 5 కిలోలని లెక్కేస్తే, ఆ ఒక్క బ్రేకుకే ఒక్కో డిస్క్ సుమారు 100 డిగ్రీలు పెరుగుతుంది. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ చుట్టు 3.7 కిలోమీటర్లే. ఒక మలుపు దగ్గర ఎక్కిన వేడి పూర్తిగా దిగకముందే ఇంకో మలుపు వచ్చేస్తుంది. నాలుగైదు చుట్లు గట్టిగా తిప్పితే డిస్క్ 500 డిగ్రీలు దాటడం వింతేమీ కాదు.

రోడ్డు ప్యాడ్‌లు ఈ వేడికి పుట్టినవి కావు. వాటి సుగుణం వేరే. తెల్లవారుజామున చల్లటి బండి తీసి గేటు దాటగానే కుక్కపిల్ల అడ్డొస్తే, మొదటి తొక్కుకే పట్టేస్తాయి. కానీ 400 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేసరికి వాటిని పట్టి ఉంచే రెసిన్ మాడి, పొగలు కక్కి, పట్టు వదిలేస్తుంది. పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి మాత్రం ఆగదు. పెడల్ మెత్తబడి నేలకు దిగిపోతే అది ప్యాడ్ తప్పు కాదు, ఆయిల్ మరిగిందని అర్థం. ఈ రెండిటి తేడా కాలికి తెలియాలి.

రేస్ ప్యాడ్ తీరు దీనికి తలకిందులు. వేడెక్కితే పులి. చల్లగా ఉంటే చాలా రకాలకు మొదటి తొక్కులో పట్టు తక్కువ. హైవే మీద గంటసేపు బ్రేకు ముట్టకుండా పోతే డిస్క్ చల్లబడిపోతుంది. సరిగ్గా అప్పుడే ఏదో అడ్డొస్తుంది.

నాకు జరిగింది చెప్తాను. మొదటి ఏడాది నెల్లూరులో ఇంటి దగ్గరే రేస్ ప్యాడ్‌లు బిగించి, తెల్లారి నాలుగున్నరకు బయల్దేరాను. నాయుడుపేట దాటాక డివైడర్ సందులోంచి ఒక గేదె రోడ్డు మీదికి దిగింది. బ్రేకు తొక్కాను. పెడల్ బండరాయిలా ఉంది, బండి జారుకుంటూ పోతూనే ఉంది. ఇంకా బలంగా తొక్కాను. అప్పుడు పట్టింది. గేదెకీ బంపర్‌కీ మధ్య రెండు మూరలు మిగిలింది. పక్క సీట్లో మా తమ్ముడు సూళ్లూరుపేట దాకా మాట్లాడలేదు. ఆ రోజు తర్వాత నేను రేస్ ప్యాడ్‌లతో హైవే ఎక్కలేదు.

ఇంకో నష్టం ఉంది, ఇది కంటికి కనపడదు. ప్యాడ్‌లు డిస్క్‌ను రాసుకుని మాత్రమే ఆపవు. సరిగా వేడెక్కిన ప్యాడ్ డిస్క్ మీద సన్నటి పొర పూస్తుంది. పట్టులో పెద్ద భాగం ప్యాడ్‌కీ ఆ పొరకీ మధ్య పుడుతుంది. ఇంట్లో దోసె పెనం తలచుకోండి. నూనె రాసి, ఉల్లిపాయతో రుద్ది కాగబెట్టిన పెనం మీద దోసె ఎంత బాగా వస్తుంది! ఆ పెనాన్నే పీచు పెట్టి తోమేస్తే మొదటి దోసె అంటుకుపోతుంది. చల్లటి రేస్ ప్యాడ్ చేసేది ఆ తోమే పనే. నెల్లూరు నుంచి చెన్నై వచ్చేలోపు, టోల్ గేటు దగ్గరా సిగ్నల్ దగ్గరా తొక్కిన ప్రతిసారీ పొరను గీకేస్తూ, డిస్క్ ఇనుమును కూడా కొంచెం తినేస్తుంది. మీరు ట్రాక్‌కి చేరేసరికి పొర పలచబడిపోయి ఉంటుంది. పైగా కీచుమనే చప్పుడు. చక్రాల మీద పడే నల్లటి పొడిలో ఇనుప రజను ఉంటుంది, తడి తగిలితే రెండు రోజుల్లో అల్లాయ్ మీద తుప్పు చుక్కలు లేస్తాయి. వెంటనే నీళ్లు ధారగా పోసి కడగాలి.

ఇక పని. మొదటిసారి గంటన్నర పడుతుంది, అలవాటైతే ముప్పావుగంట. అందుకని డ్రైవర్ల మీటింగ్‌కి రెండు గంటల ముందే చేరండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి చక్రం ఊడదీయకండి, స్టాండ్ పెట్టండి, వెనక చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. ప్యాడ్‌లను పట్టి ఉంచి డిస్క్ మీదికి నొక్కే భాగమే క్యాలిపర్. దాని కింది బోల్టు తీసి పైకి ఎత్తండి. క్యాలిపర్ పూర్తిగా బయటికొచ్చే మోడల్ అయితే తీగతో స్ప్రింగ్‌కి కట్టండి, రబ్బరు పైపు మీద దాని బరువు వేలాడకూడదు. పాత ప్యాడ్ తీయగానే దాని వెనక మార్కర్‌తో రాయండి: "ఎడమ లోపల", "ఎడమ బయట". సాయంత్రం అవి ఉన్నచోటికే తిరిగి వెళ్లాలి.

ఇప్పుడు పిస్టన్‌ను, అంటే క్యాలిపర్‌లో ప్యాడ్‌ను ముందుకు నెట్టే గుండ్రటి భాగాన్ని, లోపలికి నొక్కాలి. నొక్కేముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. అరిగిన ప్యాడ్‌ల మీద ఆయిల్ నిండుగా పోసి ఉంటే, పిస్టన్ వెనక్కి వెళ్లగానే పొంగి పెయింట్ మీద పడుతుంది, పెయింట్ ఊడిపోతుంది. సిరంజితో కొంచెం తీసేసి, చుట్టూ గుడ్డ పెట్టి, నెమ్మదిగా నొక్కండి. క్యాలిపర్ అటూఇటూ జరగడానికి ఆధారమైన స్లైడ్ పిన్లు వేలితో కదిపితే సాఫీగా జారాలి. బోల్టులూ వీల్ బోల్టులూ టార్క్ రెంచ్‌తో, మీ బండి మాన్యువల్లో ఉన్న లెక్క ప్రకారం బిగించండి.

తర్వాతి మాట మాత్రం ఒక కాగితం మీద రాసి స్టీరింగ్‌కి అంటించుకోండి: బండి కదిలే ముందు బ్రేకు పెడల్ గట్టిపడేదాకా పంపు కొట్టాలి. పిస్టన్ వెనక్కి నెట్టాం కాబట్టి మొదటి తొక్కు నేలకు దిగిపోతుంది. ఇది మరిచిపోయి బండి తీస్తే ఆపడానికి గోడే దిక్కు.

ట్రాక్ మీద మీకు వచ్చే మొదటి వంతు, అంటే మొదటి సెషన్, ప్యాడ్‌లు డిస్క్ మీద పొర పూయడానికి ఇచ్చేయండి, టైమింగ్ గురించి ఆలోచించకండి. మొదటి చుట్టు మెల్లగా, తర్వాత రెండు మూడు చుట్లు బ్రేకు కొంచెం కొంచెం పెంచుతూ, చివర ఒక చుట్టు బ్రేకు దాదాపు ముట్టకుండా. పిట్‌లోకి, అంటే ట్రాక్ పక్కన బండ్లు ఆపే చోటికి, వచ్చాక బ్రేకు మీద కాలు పెట్టి బండిని నిలపొద్దు. హ్యాండ్ బ్రేక్ వేయొద్దు, గేరులో పెట్టి చక్రానికి అడ్డం పెట్టండి. కాలుతున్న డిస్క్‌ను ప్యాడ్ ఒకేచోట పట్టుకుంటే అక్కడ మచ్చ అచ్చు పడుతుంది, ఆ తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగ్ వణుకుతుంది. డిస్క్ వంకరపోయిందని అందరూ అనుకుంటారు, చాలాసార్లు అసలు కారణం ఈ మచ్చే.

ట్రాక్ దగ్గర మార్చే వీలే లేనివాళ్లు మధ్యరకం ప్యాడ్‌లు తీసుకోండి. ఫెరోడో డీఎస్2500, ఈబీసీ యెల్లోస్టఫ్ లాంటివి ఇటు రోడ్డుకీ అటు ట్రాక్‌కీ పనికొచ్చే రకాలు. నిజం చెప్పాలంటే మొదటి రెండు మూడు ట్రాక్ డేలకు ఇవే చాలు. ఇవి వేడికి చేతులెత్తేస్తున్నాయని మీ కాలికి తెలిసినప్పుడే అసలు రేస్ ప్యాడ్‌లు కొనండి. ఆ రేస్ ప్యాడ్‌లతోనే రోడ్డెక్కక తప్పకపోతే, వెనక బండి లేనప్పుడు పది నిమిషాలకోసారి మెల్లగా బ్రేకు పట్టి డిస్క్‌కు కాస్త వెచ్చదనం ఇవ్వండి. ముందు బండికి మామూలుకంటే రెట్టింపు దూరం ఉంచండి, వానలో ఇంకా ఎక్కువ. ఇంట్లో ఇంకెవరికీ తాళం ఇవ్వకండి, పెడల్ గురించి వాళ్లకు తెలియదు.

సాయంత్రం డిస్క్ చేత్తో ముట్టుకునేంత చల్లబడ్డాకే రోడ్డు ప్యాడ్‌లు తిరిగి వేయండి. మళ్లీ పెడల్ పంపు కొట్టండి. డిస్క్ మీద ఇంకా రేస్ ప్యాడ్ పొరే ఉంటుంది కాబట్టి, మొదటి యాభై కిలోమీటర్లు కొంచెం గరగర ఉండొచ్చు. ఖాళీ రోడ్డు దొరికినప్పుడు 60 నుంచి 20 దాకా మధ్యస్తంగా ఓ పదిసార్లు తగ్గించండి, పూర్తిగా ఆపకుండా.

ఈ వారం అభ్యాసం: ఇంటి దగ్గర, తొందర లేని ఆదివారం, మీ పాత ప్యాడ్‌లనే ఊడదీసి మళ్లీ బిగించండి. గడియారం పెట్టుకోండి. ప్యాడ్ మందం స్కేలుతో కొలిచి రాసుకోండి. కొత్తదాని మందంలో సగం కంటే తక్కువుంటే దానితో ట్రాక్ ఎక్కొద్దు, పలచటి ప్యాడ్ వేడిని నేరుగా ఆయిల్‌కి పంపేస్తుంది. వచ్చే పాఠంలో టైర్లలో గాలి, చల్లగా ఉన్నప్పుడు ఎంత పెట్టాలి, సెషన్ అయ్యాక ఎంత తీయాలి అన్నది చూద్దాం. వచ్చేటప్పుడు గాలి కొలిచే గేజి ఒకటి దగ్గర పెట్టుకోండి.