డయాలసిస్‌కు తోడు వెళ్లే ముందు ఇంట్లో కోవిడ్ కిట్: వచ్చే చిక్కులు, వాటి పరిష్కారాలు

మా నాన్నగారికి సోమ, బుధ, శుక్రవారాల్లో డయాలసిస్ జరుగుతుంది. ఒక్కో విడత సుమారు 4 గంటలు. కిటికీలు మూసి ఏసీ నడిచే ఆ హాల్లో వరుసగా వేసిన మంచాల మీద ఉన్నవారందరూ కిడ్నీలు పనిచేయనివారే. వారిలో చాలామందికి టీకా వేయించుకున్నా మనకు వచ్చినంత రక్షణ రాదు. తోడు వెళ్లే మనిషి తెచ్చే జలుబు అక్కడ ఒక్కరితో ఆగకపోవచ్చు. అందువల్ల తోడు ఎవరు వెళ్లినా ఆ తెల్లవారుజామున ఇంట్లో కిట్‌తో పరీక్ష చేసుకోవాలని మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. ఆ నియమాన్ని పాటించడంలో మాకు ఎదురైన చిక్కులనూ, వాటి కారణాలనూ, వాటి నుంచి బయటపడే మార్గాలనూ ఇక్కడ రాస్తున్నాను. కీమోథెరపీకో, అవయవ మార్పిడి తరవాతి తనిఖీకో తోడు వెళ్లేవారికీ ఇవి పనికొస్తాయి.

ముందుగా కిట్ ఏం చేస్తుందో తెలియాలి. ల్యాబ్‌లో చేసే ఆర్‌టీపీసీఆర్ పరీక్షలో యంత్రం, నమూనాలో ఉన్న కొద్దిపాటి వైరస్ జన్యు పదార్థాన్నీ రెట్టింపు మీద రెట్టింపు చేసి చూస్తుంది. కిట్‌లో ఆ పని జరగదు. పట్టీ మీద ఉండే యాంటీబాడీలు ముక్కులోంచి వచ్చిన వైరస్ ప్రోటీన్‌ను ఉన్నది ఉన్నట్టుగా పట్టుకోవాలి, అది తగినంత ఉంటేనే టి అక్షరం దగ్గర గీత కనిపిస్తుంది (సి అక్షరం దగ్గర వచ్చే గీత వేరు, దాని గురించి కింద రాశాను). అంటే ‘ఈ గంటలో, ముక్కులో తిప్పిన ఈ దూది పుల్లకు అంటినంతలో, కంటికి కనిపించేంత వైరస్ ఉందా’ అన్న ఒక్క ప్రశ్నకే కిట్ జవాబు చెబుతుంది. ‘నాకు కోవిడ్ లేదు కదా’ అన్నది వేరే ప్రశ్న. దిగువ చెప్పే చిక్కుల్లో సగం ఈ రెండు ప్రశ్నలనూ కలిపేయడం వల్ల వచ్చినవే.

నెగటివ్ వచ్చింది, కానీ గొంతు గరగరలాడుతోంది

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఒక బుధవారం నేను ఊళ్లో లేను, తోడు వెళ్లే వంతు మా తమ్ముడిది. తెల్లవారకముందే ఫోన్ చేసి, “అన్నయ్యా, రాత్రి ఏసీలో పడుకున్నాను, గొంతు పట్టేసింది, అంతే. కిట్ కూడా నెగటివే. నేనే తీసుకెళ్తాను” అన్నాడు. వద్దన్నాను. వాడి బదులు అదే ఇంట్లో ఉండే మరదల్ని కాకుండా, వేరే వీధిలో ఉండే బావగారిని పంపించాం. శుక్రవారం తెల్లవారుజామున వాడి కిట్‌లో టి దగ్గర రెండో గీత స్పష్టంగా వచ్చింది.

దీనికి మొదటి కారణం రోజుల లెక్క. ఇప్పటికే టీకాలు వేసుకున్నవారిలో, ఒకసారి కోవిడ్ వచ్చి తగ్గినవారిలో శరీరం వైరస్‌ను త్వరగా గుర్తుపడుతుంది కాబట్టి, ముక్కులో వైరస్ పెరగకముందే గొంతునొప్పి, ఒళ్లునొప్పులు మొదలవుతాయి. తొలి రోజున కిట్ ఖాళీగా కనిపించి మూడో రోజునో నాలుగో రోజునో గీత రావడం అందుకే. రెండో కారణం పుల్లను సరిగా తిప్పకపోవడం. దాని గురించి కింద విడిగా రాశాను. మూడోది, అసలు అది కోవిడే కాకపోవచ్చు. మామూలు కోవిడ్ కిట్ ఇన్‌ఫ్లుయెంజాను (ఫ్లూను) పట్టదు, శ్వాసనాళాలకు సోకే ఆర్‌ఎస్‌వీ అనే వైరస్‌నూ పట్టదు. డయాలసిస్ మంచం మీద ఉన్న 70 ఏళ్ల మనిషికి అవి తక్కువ ప్రమాదమేమీ కావు.

కాబట్టి పరిష్కారం కిట్‌లో లేదు. లక్షణం ఉన్న మనిషి, కిట్ ఏం చెప్పినా, ఆ రోజు తోడు వెళ్లకూడదు. లక్షణాలు ఉండి కిట్ నెగటివ్ వస్తే ఆర్‌టీపీసీఆర్ చేయించుకోవాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2021 మే నెలలో ఇంటి కిట్‌లకు అనుమతి ఇచ్చినప్పుడే చెప్పింది. అది కుదరకపోతే 48 గంటలు ఆగి మళ్లీ చేసుకోవాలి. లక్షణాలు ఉన్నవారు 48 గంటల తేడాతో కనీసం 2 సార్లు, లక్షణాలు లేకుండా వైరస్ సోకిన మనిషి దగ్గర గడిపినవారు అదే తేడాతో 3 సార్లు చేసుకోవాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2022 ఆగస్టులో సూచించింది. రోజు మార్చి రోజు డయాలసిస్ ఉన్న ఇంట్లో ఈ 48 గంటల లెక్క దానంతట అదే కుదురుతుంది. సోమవారం, బుధవారం, శుక్రవారం బయల్దేరే ముందు చేసుకుంటే సరిపోతుంది. శుక్రవారానికీ సోమవారానికీ మధ్య రోజులు ఎక్కువ, పెళ్లిళ్లూ పేరంటాలూ కూడా అప్పుడే వస్తాయి కాబట్టి సోమవారం పరీక్షను మాత్రం ఎప్పుడూ మానకండి.

సి గీత వచ్చింది కాబట్టి పరీక్ష సరిగా జరిగిందనుకోవడం

సి గీత చెప్పేది ద్రవం పట్టీ చివరిదాకా పాకిందని మాత్రమే. ముక్కులో పెట్టని పుల్లను ముంచి చుక్కలు వేసినా చాలా కిట్‌లలో సి గీత చక్కగా వస్తుంది. ముక్కు అంచున ఒకసారి రాసి తీసేస్తే వచ్చే నెగటివ్‌కు విలువ లేదు, ఆ సంగతిని పట్టీ మీకు చెప్పదు.

చేయవలసిన తీరు ఇది. ముందు చీది ముక్కు శుభ్రం చేసుకోవాలి, చేతులు కడుక్కుని ఆరనివ్వాలి. పుల్లను పైకి కాకుండా, నేలకు సమాంతరంగా, అడ్డు తగిలేదాకా ముక్కులో సుమారు 2 నుంచి 4 సెంటీమీటర్లు లోపలికి పంపి, గోడకు ఆనించి 5 సార్లు నిదానంగా గుండ్రంగా తిప్పాలి. అదే పుల్లతో రెండో ముక్కు రంధ్రంలోనూ అలాగే చేయాలి. కళ్లలో నీళ్లు తిరగడం మంచి గుర్తే. తరవాత గొట్టంలోని ద్రవంలో పుల్లను తిప్పి, గొట్టాన్ని వేళ్లతో నొక్కి పట్టి, దూదిలో ఉన్న తడినంతా పిండుతూ బయటికి లాగాలి. మా ఇంట్లో చాలాకాలం పిండకుండానే తీసేవాళ్లం. సగం నమూనా చెత్తబుట్టలోకి పోయేదన్నమాట.

చుక్కల లెక్క కిట్ కిట్‌కూ మారుతుంది. కొన్నింటికి 2 చుక్కలు, కొన్నింటికి 4 లేదా 5. పాత కిట్ అలవాటుతో కొత్త దానిలో వేస్తే తక్కువైనా, ఎక్కువైనా ఫలితం చెడుతుంది. ఆ ద్రవం కంట్లో పడితే వెంటనే ధారగా నీళ్లతో కడగాలి, పిల్లలకు అందనివ్వకూడదు.

సి గీత అసలు రాలేదు, లేదా పట్టీ అంతా ఎర్రగా అలుక్కుపోయింది

ఆ పరీక్ష చెల్లదు. టి దగ్గర ఏం కనిపించినా లెక్కలోకి రాదు. చుక్కలు తక్కువ పడటం, చిక్కటి చీమిడో నెత్తురో కలిసి ద్రవం పాకకపోవడం, క్యాసెట్‌ను (పట్టీ ఉండే ప్లాస్టిక్ పలకను) వాలుగా పెట్టడం మామూలు కారణాలు. మన దగ్గర ఇంకో కారణం ఉంది. ఈ కిట్‌లను 2 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని పెట్టె మీదే రాసి ఉంటుంది. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో 40 దాటిన ఎండలో, ఆస్పత్రి ముందు ఆపిన బండి డిక్కీలో నాలుగు గంటలు ఉన్న కిట్ గడువు తేదీ లోపలే ఉన్నా నమ్మదగినది కాదు. చిక్కేమిటంటే, అలాంటి కిట్‌లో సి గీత వచ్చి, టి గీత రావలసిన చోట రాకపోవచ్చు కూడా.

కిట్‌లను ఇంట్లో చల్లగా, పొడిగా ఉండే అల్మారాలో పెట్టండి. ఫ్రిజ్‌లో పెడితే పరీక్షకు అరగంట ముందు బయటికి తీసి గది వేడికి రానివ్వండి. రేకు సంచిని ముందే చింపి పెట్టకండి, తేమకు పట్టీ పాడవుతుంది. సంచిలో కనిపించే చిన్న పొట్లం తేమను పీల్చడానికే ఉంది, దాన్ని ద్రవంలో కలపకూడదు. ఇది రాయనక్కరలేదనుకున్నాను, కానీ మా పక్కింటివారు కలిపారు.

టి దగ్గర గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది

తెల్లవారుజామున వంటింటి లైటు కింద, ఆటో వచ్చే వేళకు, ఈ అనుమానం తప్పకుండా వస్తుంది. ఫోన్ లైటు వేసి ఒకరు, కళ్లజోడు పైకి తోసి ఒకరు చూస్తారు. వెళ్లక తప్పనివారికి గీత కనిపించదు, వెళ్లడం ఇష్టం లేనివారికి వెంటనే కనిపిస్తుంది. తేల్చుకోవడానికి రెండే గుర్తులు: ఆ గీతకు రంగు ఉందా, చెప్పిన వ్యవధిలో వచ్చిందా? ఎంత లేతగా ఉన్నా గులాబీ రంగో, ఎరుపో ఉండి సమయంలోపు వచ్చిన గీత పాజిటివే. లేత గీత అంటే ‘కొంచెం కోవిడ్’ అని కాదు. వైరస్ పెరగడం మొదలైన రోజూ కావచ్చు, రేపటికి ముదరవచ్చు. పక్కన వేరే కిట్ ఉంటే మళ్లీ చేసుకోవచ్చు గానీ, రెండోది నెగటివ్ వచ్చిందని మొదటిదాన్ని కొట్టిపారేసి బయల్దేరకండి.

రంగు లేని బూడిదవర్ణపు నీడ మాత్రం సాధారణంగా యాంటీబాడీ పూసిన చోటు తడిసి కనిపించడమే. చుక్కలు వేశాక 15వ నిమిషంలో ఫోటో తీసి పెట్టుకుంటే తరవాత వాదన ఉండదు.

గంట తరవాత చూస్తే గీత వచ్చింది

చాలా కిట్‌లకు 15వ నిమిషం నుంచి 20వ నిమిషం లోపల చూడాలి. ఆ తరవాత పట్టీ ఆరిపోతూ ఏర్పడే గీతలను లెక్కించకూడదు. దాన్ని చూసి హడలిపోనూ వద్దు, చెల్లదని పూర్తిగా వదిలేయనూ వద్దు, కొత్త కిట్‌తో మళ్లీ చేయండి. ఫోన్‌లో అలారం పెట్టకపోవడమే దీనికి కారణం.

రాత్రి నెగటివ్, పొద్దున బయల్దేరుతున్నాం

రాత్రి చేసిన పరీక్ష రాత్రి సంగతే చెబుతుంది. వైరస్ పెరిగే దశలో కొన్ని గంటల్లోనే లెక్క తారుమారవుతుంది. ఉదయం 6 గంటలకు మొదలయ్యే విడత అయితే నాలుగున్నరకే లేచి చేసుకోవలసిందే. మా ఇంట్లో అందరూ విసుక్కునే నియమం ఇదే, నేను పట్టు విడవనిదీ ఇదే. పరీక్షకు ముందు ముక్కులో మందు కొట్టుకోకండి. ఒకే కిట్ మిగిలితే ఇద్దరి పుల్లలను ఒకే గొట్టంలో ముంచే తెలివి పనికిరాదు. ఎవరు వెళ్తున్నారో వారికే వాడండి.

జలుబు తగ్గింది, వారం దాటింది, ఇంకా పాజిటివే

కొందరికి కిట్‌లో గీత 10 రోజుల వరకూ వస్తుంది. ఇక్కడ కిట్ ఆర్‌టీపీసీఆర్ కంటే ఉపయోగం. ఆర్‌టీపీసీఆర్ మిగిలిన శకలాలను పట్టి వారాల తరబడి పాజిటివ్ చెప్పవచ్చు, కిట్ గీత ఉన్నంతకాలం మాత్రం మీ నుంచి సోకుతుందనే అనుకోవాలి. 48 గంటల తేడాతో 2 సార్లు నెగటివ్ వచ్చాకే మళ్లీ వంతు తీసుకోండి.

పాజిటివ్ వచ్చింది, ఇవాళే డయాలసిస్

తోడు వెళ్లేవారికి పాజిటివ్ వస్తే అందరికీ మొదట తోచేది ఆ విడత మానేయడం. డయాలసిస్ మానేస్తే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణం మీదకు వస్తుంది. కాబట్టి వేరే ఇంట్లో ఉండే మనిషిని ముందే ఏర్పాటు చేసుకుని ఉండాలి, వారి దగ్గర కూడా ఒక కిట్ ఉంచాలి. రోగి మీతో ఒకే ఇంట్లో ఉంటే వారికి కూడా అప్పుడే పరీక్ష చేయండి. ఆస్పత్రికి చేరాక చెప్పడం కాదు, బయల్దేరే ముందే యూనిట్‌కు ఫోన్ చేయండి. వారు విడి గదో, చివరి విడతో చూస్తారు. రోగికి బిగుతుగా అమరే ఎన్95 మాస్కు పెట్టండి. పాజిటివ్ వచ్చిన మనిషి ఆటోలో కూడా వెంట వెళ్లకూడదు.

రోగికే పాజిటివ్ వస్తే, లక్షణాలు మొదలైన 5 రోజుల లోపల మందు మొదలుపెట్టవలసి ఉంటుంది కాబట్టి, తగ్గిపోతుందిలే అని ఎదురుచూడకుండా అదే రోజు నెఫ్రాలజిస్టుకు (కిడ్నీ డాక్టరుకు) చెప్పాలి. ఎవరో వాడారని మందులషాపులో పాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మందు అడిగి తేవద్దు. కిడ్నీ పనితీరును బట్టి దాని మోతాదు మారుతుంది, కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు వాడే టాక్రోలిమస్‌తో కలిస్తే రక్తంలో టాక్రోలిమస్ ప్రమాదకరంగా పెరుగుతుంది. రోగి రోజూ వాడుతున్న మందుల చీటీని ఫోటో తీసి, కిట్ ఫోటోతో పాటు డాక్టరుకు పంపి, ఆ తరవాతే ఆటోను పిలవండి.