సర్జరీ అయిన ఏళ్ల తర్వాత మళ్లీ బరువు పెరుగుతుంటే...

బేరియాట్రిక్ సర్జరీ (బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే ఆపరేషన్) తర్వాత ఏడాది నుంచి రెండేళ్ల లోపు చాలామంది బరువు బాగా దిగుతుంది. ఆ తర్వాత రెండు మూడు కిలోలు వెనక్కి రావడం మామూలే. దానికి టెన్షన్ పడి తిండి మానేయొద్దు. నెలనెలా పెరుగుతూనే ఉంటే మాత్రం కారణం వెతకాలి. "నోరు కట్టుకోలేకపోయాను" అనే సిగ్గుతో చెకప్‌లు మానేయడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతుంది.

తినేది కొంచెమే, అయినా పెరుగుతోంది

ముందు భోజనాల మధ్య ఏం జరుగుతోందో చూడండి. రెండు బిస్కెట్లు, గుప్పెడు చిప్స్, జ్యూస్, చక్కెర వేసిన టీ, మళ్లీ ఇంకో బిస్కెట్. మెత్తటివీ, తాగేవీ చిన్న పొట్టలో నిలవకుండా జారిపోతాయి. కడుపు నిండినట్టు ఉండదు, కేలరీలు మాత్రం చేరతాయి. మద్యం కూడా అంతే, పైగా సర్జరీ తర్వాత త్వరగా ఎక్కుతుంది.

ఒక మూడు రోజులు నోట్లోకి వెళ్లిన ప్రతిదీ టైమ్‌తో సహా రాయండి, వంట చేస్తూ రుచి చూసింది కూడా. తినడానికి వేళలు పెట్టుకోండి. ప్లేటులో ప్రోటీన్ ఉన్నవి ముందు తినండి. డాక్టర్ వేరే లెక్క చెప్పకపోతే రోజుకు కనీసం 60 గ్రాముల ప్రోటీన్ అందాలి. నీళ్లు తిన్న అరగంట తర్వాతే.

గట్టి పదార్థాలు దిగట్లేదు, ఐస్‌క్రీమ్ హాయిగా దిగుతోంది

గబగబా మింగడం వల్ల కావచ్చు. నెమ్మదిగా నమిలినా అడ్డుపడుతుంటే లోపల దారి సన్నబడిందేమో, యాసిడ్ పైకి వస్తోందేమో ఎండోస్కోపీలో తేలుతుంది. వాంతులు ఆగకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బి1 విటమిన్ తగ్గి నరాలు, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది.

తిన్న గంట నుంచి మూడు గంటల్లో వణుకు, చెమట, తీపి కోసం ఆరాటం

గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్నది చేసి నేరుగా పేగుకు కలిపే సర్జరీ, గుండె బైపాస్ కాదు) అయినవాళ్లలో ఇది ఎక్కువ. చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి చేరితే ఇన్సులిన్ అవసరానికి మించి విడుదలై షుగర్ పడిపోతుంది. తీపి తింటే తగ్గుతుంది, కాసేపటికి మళ్లీ అదే. ఈ చుట్టులో బరువు పెరుగుతుంది. ఆ సమయంలో గ్లూకోమీటర్‌తో చూసుకోండి. నిజంగా తగ్గి ఉంటే కొద్దిగా గ్లూకోజ్, ఆ వెంటనే ప్రోటీన్ ఉన్న చిరుతిండి తీసుకోండి. డాక్టర్‌కు తప్పక చెప్పండి.

ఇప్పుడు ఒకేసారి ఎక్కువ పడుతోంది

పొట్ట కొంత సాగి ఉండొచ్చు, బైపాస్‌లో పొట్టను పేగుకు కలిపిన చోటు వెడల్పయి ఉండొచ్చు. కొన్ని రోజులు ద్రవాలే తాగితే పొట్ట మళ్లీ ముడుచుకుంటుందన్న మాట నమ్మకండి. బేరియం ఎక్స్‌రే (బేరియం ద్రవం తాగించి తీసేది), ఎండోస్కోపీ చేయిస్తే విషయం తెలుస్తుంది.

తిండి మారలేదు, బరువు మారింది

స్టెరాయిడ్లు, ఇన్సులిన్, డిప్రెషన్‌కూ ఫిట్స్‌కూ వాడే కొన్ని మందులు బరువు పెంచుతాయి. సొంతంగా ఆపకండి, మార్చగలరేమో అడగండి. థైరాయిడ్, ఐరన్, బి12 పరీక్షలు చేయించండి, ఒంట్లో శక్తి లేకపోతే కదలికే తగ్గిపోతుంది. కండ కరిగితే శరీరం ఖర్చు చేసే కేలరీలు తగ్గుతాయి కాబట్టి నడకతో పాటు బరువులతో వ్యాయామమూ కావాలి.

ఇవన్నీ సరిచూశాక కూడా ఆకలి అదుపులోకి రాకపోతే సెమాగ్లుటైడ్ లాంటి ఆకలి తగ్గించే మందులు, కొందరికి రెండో సర్జరీ ఉన్నాయి. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఏ సర్జరీ అయిందో ఆ కాగితం, సర్జరీ నాటి బరువు, దిగిన అతి తక్కువ బరువు, ఇప్పటి బరువు, వాడుతున్న మందుల చీటీ, మీరు రాసిన ఆ మూడు రోజుల లెక్క తీసుకెళ్లండి.