ఏడు సీట్ల కారును చివరి సీట్లో కూర్చుని చూడండి

మా చెల్లెలు వాళ్లది చిత్తూరు గ్రీమ్స్‌పేట. బావకు బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట ఉంది. ఇంట్లో ఆరుగురు: వాళ్లిద్దరు, ఎనిమిదేళ్ల పాప, మూడేళ్ల బాబు, బావ వాళ్ల అమ్మానాన్న. ముప్పై లక్షల లోపు పెద్ద కారు కొనాలని తిరుపతి షోరూములన్నీ తిరుగుతూ నన్నూ వెంటేసుకున్నారు. నేను మోటార్ ఇన్సూరెన్స్ సర్వేయర్ని. ఇరవై ఏళ్లుగా రేణిగుంట రోడ్డు, కరకంబాడి రోడ్డు షెడ్లలో నలిగిన కార్ల చుట్టూ తిరగడమే నా పని.

షోరూములో బావ నేరుగా పోయి స్టీరింగ్ పట్టుకున్నాడు. సేల్స్ అబ్బాయి సన్‌రూఫ్ తెరిచాడు, పాట పెట్టాడు, సీటులోంచి చల్లగాలి వదిలాడు. నేను వెనక డోరు తీసి, సీటు మడిచి, వంగి వంగి మూడో వరసలోకి దూరాను. మోకాళ్లు దాదాపు గడ్డానికి వచ్చాయి.

"ఏం బావా, అక్కడ చేరినావు?" అన్నాడు.

"మీ అమ్మ కూర్చునేది ఇక్కడే గదా" అన్నాను.

ఏడు సీట్ల కారు కొనేవాళ్లకు నేను మొదట చెప్పేది ఇదే. డబ్బు కట్టేవాడు ముందు సీట్లో కూర్చుని నచ్చిందంటాడు. చివరి వరసలో కూర్చునేది పిలకాయలో, ముసలివాళ్లో. వాళ్లనెవరూ అడగరు. కారును అక్కడి నుంచి ముందుకు చూసుకుంటూ రండి.

మూడో వరసలో కూర్చున్నాక అయిదారు సంగతులు చేత్తో తాకి చూడాలి. హెడ్‌రెస్ట్ పైకి లేస్తుందా, లేచినప్పుడు తల వెనక భాగానికి ఆనుతుందా, లేక మెడ దగ్గరే ఆగిపోతుందా? రెండు సీట్లకూ భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? గుద్దుడులో కిటికీల మీదికి తెరలా దిగే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ చివరి కిటికీ దాకా వస్తుందా, రెండో వరసతో ఆగుతుందా? 'ఆరు ఎయిర్‌బ్యాగులు' అన్న మాటలో దీనికి జవాబుండదు, విడిగా అడగాలి. తర్వాత చెయ్యి వెనక్కి చాపి, తలకూ వెనక అద్దానికీ మధ్య ఎంత జాగా ఉందో కొలవండి. కొన్ని బండ్లలో జానెడు కూడా ఉండదు. సిగ్నల్లో ఆగి ఉన్న కారును వెనక నుంచి లారీ గుద్దిన కేసులు నేను చాలానే చూశాను. అప్పుడు ఆ జానెడే మిగిలేది.

ఇక నక్షత్రాల సంగతి. కార్లను గుద్దించి చూసి భద్రతకు నక్షత్రాలిచ్చే మన భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరు 1న మొదలైంది. పెద్దలకు 32 మార్కులు, పిల్లలకు 49. ముందు గుద్దుడు పరీక్ష గంటకు 64 కిలోమీటర్ల వేగంతో చేస్తారు. పక్క నుంచి గుద్దే పరీక్ష, స్తంభానికి తగిలించే పరీక్ష కూడా ఉన్నాయి. ముందు రెండు సీట్లలో పెద్దవాళ్ల బొమ్మలు, రెండో వరసలో ఏడాదిన్నర, మూడేళ్ల పిల్లల బొమ్మలు పెడతారు. మూడో వరసలో బొమ్మ ఉండదు. వెనక నుంచి గుద్దే పరీక్ష కూడా లేదు. అంటే అయిదు నక్షత్రాల కారు మంచిదే, నేనూ అంతకు తక్కువైతే చూడను. కానీ ఆ అయిదూ మీ అమ్మ కూర్చున్న సీటుకు ఇచ్చినవి కావు.

ఇంకో తిరకాసు కూడా ఉంది. మహీంద్రా ఎక్స్‌యూవీ 700కు 2021లో ఇలాంటి పరీక్షలే చేసే విదేశీ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పాత పద్ధతిలో పెద్దల విభాగంలో 17కు 16.03 వచ్చింది. అయిదు నక్షత్రాలు, పిల్లలకు నాలుగు. టాటా సఫారీకి 2023 డిసెంబరులో భారత్ ఎన్‌క్యాప్‌లో 32కు 30.08, పిల్లలకు 49కి 44.54 వచ్చాయి. బావ ఫోన్లో రెండూ పక్కపక్కన పెట్టి శాతాలు తీస్తున్నాడు. పదో తరగతి మార్కులకూ ఇంటర్ మార్కులకూ పోలిక పెట్టినట్టు ఉంటుందది. ఏ సంస్థ, ఏ సంవత్సరం, ఏ పద్ధతి అన్నది చూసి, ఒకే పద్ధతిలో వచ్చిన మార్కులనే పక్కపక్కన పెట్టండి.

పిల్లల సీటు కొనే ఉద్దేశం ఉంటే దాన్ని షోరూముకే తీసుకుపోండి. మావాళ్లు తీసుకుపోబట్టే ఒక గొడవ బయటపడింది. పిల్లల సీటును బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు రెండో వరస అంచు సీట్లకు ఉంటాయి. సీటు వాటికి బిగించాక రెండో వరసను మడిచి ముందుకు దొర్లించడం కుదరలేదు, మూడో వరసకు ఆ పక్క దారి మూసుకుపోయింది. రెండో పక్క నుంచి అత్త ఎక్కాలంటే అక్కడ కూర్చున్నవాళ్లు ప్రతిసారీ దిగాలి. మధ్యలో నడిచే దారి వదిలి రెండు విడి సీట్లున్న ఆరు సీట్ల మోడల్ అయితే ఈ బాధ లేదు. ఆరుగురే ఉన్న ఇంటికి ఏడో సీటు ఎందుకని అక్కడే తేలిపోయింది.

షోరూము వాళ్లిచ్చే టెస్ట్ డ్రైవ్ పావుగంట, అదీ సేల్స్ అబ్బాయి పక్కన కూర్చుని మాట్లాడుతూనే ఉంటాడు. దాంతో ఏమీ తెలియదు. నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలుండే సెల్ఫ్ డ్రైవ్ కార్లు అద్దెకు దొరుకుతాయి. మీరు కొనాలనుకున్న మోడలే ఒకరోజుకు తీసుకుని, ఇంటిల్లిపాదినీ సామానుతో సహా ఎక్కించి కొండకు పోయి రండి. మన ఊళ్లో ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

మేమూ అట్లాగే చేశాం. అలిపిరి చెక్‌పోస్టు దగ్గర అందరూ దిగి, బ్యాగులన్నీ స్కానర్లో పెట్టి, మళ్లీ ఎక్కాలి గదా. అత్త మూడో వరస నుంచి దిగడానికి డోరు పట్టీ పట్టుకుంది, ఒక కాలు కింద పెట్టింది, రెండో కాలు సీటు పట్టాలో ఇరుక్కుంది. వెనక కార్లు హారన్లు. "నాయనా, ఇంకోసారి నన్ను దీంట్లోకి ఎక్కించొద్దు" అంది. ముప్పై లక్షల కారు మీద అంత సూటి రివ్యూ నేనెక్కడా చదవలేదు.

ఎక్కేటప్పుడు రెండో ఘాట్‌లో ఇంజను సత్తా చూడండి గానీ, అసలు పరీక్ష దిగేటప్పుడు, 1944లో వేసిన మొదటి ఘాట్‌లో. దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం, ఎక్కడానికి 28. ఆరుగురితో, సామానుతో రెండు టన్నులు దాటిన బండిని బ్రేకు మీదే దింపితే ప్యాడ్లు వేడెక్కి, కిందికి వచ్చేసరికి పెడల్ మెత్తబడుతుంది. ఆటోమేటిక్ అయినా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరు పెట్టి ఇంజనుతోనే బండిని పట్టుకోవచ్చా, ఆ గేరు నిలబడుతుందా, తనంతట తానే పైకి మారిపోతుందా చూడండి. వంపుల్లో వెనకవాళ్లకు కడుపులో తిప్పిందేమో అడగండి. మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు, బెంగళూరు తరచూ పోయేవాళ్లకు ఇది మరీ ముఖ్యం.

అడాస్, అంటే కెమెరా, సెన్సర్లతో డ్రైవరుకు సాయపడే ఏర్పాటు గురించి రెండు ముక్కలు. హైవే మీద ముందు బండి హఠాత్తుగా ఆగితే తనంతట తానే బ్రేకు వేయడం నిజంగా ప్రాణం కాపాడే సౌకర్యం. కానీ దాని కెమెరా అద్దం వెనకే ఉంటుంది. రాయి తగిలి ముందు అద్దం మారిస్తే కెమెరాను మళ్లీ సరిచేయించాలి, ఆ ఖర్చు వేరు. ఒక షెడ్డులో అద్దం మార్చి ఆ పని వదిలేశారు. ఓనరు నా దగ్గరికి వచ్చి "ఖాళీ రోడ్డులో బండి తనే బ్రేకు కొడుతోంది సార్" అని మొత్తుకున్నాడు. అద్దం ధర, కెమెరా సరిచేసే ఖర్చు, ముందు బంపరు, హెడ్‌ల్యాంప్ ధర, ఈ నాలుగూ సర్వీస్ కౌంటర్లో రాయించుకోండి. సేల్స్ కౌంటర్లో అడిగితే టీ ఇస్తారు.

డీజిలా, పెట్రోలా, హైబ్రిడా అన్నది మీ తిరుగుడును బట్టి ఉంటుంది. బీఎస్ 6 డీజిల్ బండ్లలో పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టర్ ఉంటుంది. అది శుభ్రపడాలంటే అప్పుడప్పుడు హైవే మీద ఆగకుండా పరుగెత్తాలి. రోజూ లీలామహల్ సర్కిల్ నుంచి బైరాగిపట్టెడ దాకా తిరిగేవాళ్లకు డీజిల్ తలనొప్పి. బావ వారానికి మూడు సార్లు తోటకు పోతాడు, నెలకోసారి బెంగళూరు. ఆయనకు డీజిలే సరి.

ధర దగ్గర ఒక లెక్క మర్చిపోకండి. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద ఎస్‌యూవీల మీద జీఎస్టీ 40 శాతం. అంతకుముందు సెస్సుతో కలిపి 50 శాతం పడేది. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాళ్లు "నేను ఇంతకు కొన్నాను" అని పాత ధర చెబుతారు. మీరు ఇవాళ్టి కొత్త కారు ధర నుంచే లెక్క మొదలుపెట్టండి. పది లక్షలు దాటిన కారుకు షోరూము వసూలు చేసే ఒక శాతం టీసీఎస్ (ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) ఖర్చు కాదు, రిటర్న్ వేసినప్పుడు క్లెయిమ్ చేసుకోవచ్చు. ఆ రసీదు పారేయొద్దు.

ఇన్సూరెన్స్ షోరూములోనే తీసుకోవాలన్న రూలేమీ లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం రేటు ముందే నిర్ణయించి ఉంటుంది, బేరం మన బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ మీదే. విడిభాగాల పాతదనం కింద కోత పెట్టని జీరో డిప్రిసియేషన్‌తో పాటు ఇంజన్ ప్రొటెక్షన్ తప్పకుండా పెట్టించండి. 2021 నవంబరు వానల్లో తిరుపతి మునిగినప్పుడు వారాల తరబడి నాకదే పని. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే సిలిండర్లోకి పోయిన నీళ్లు అణగవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఆ కవర్ లేకపోతే ఇంజను డబ్బులు చేతి నుంచే. పెద్ద బండి ఎత్తుగా ఉంటుందని అండర్ బ్రిడ్జి నీళ్లలోకి దూకేవాళ్లే ఇందులో ఎక్కువ.

చివరికి మావాళ్లు డీజిల్ ఆటోమేటిక్, ఆరు సీట్లది, మధ్య వేరియంట్ ఖాయం చేసుకున్నారు. పై వేరియంట్‌కు అడిగిన అదనపు డబ్బులో సగం సన్‌రూఫ్‌కూ స్పీకర్లకూ పోతోంది. ఎయిర్‌బ్యాగులు రెండిట్లోనూ ఒకటే. అత్త ఇప్పుడు రెండో వరసలో, చెల్లెలు వెనక్కి. తనే కోరుకుంది.

రిజిస్ట్రేషన్‌కు ముందే స్టాక్‌యార్డుకు పోయి బండి చూశాం. ఒకసారి నంబరు పడ్డాక మార్చమంటే ఎవరూ మార్చరు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి: మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. నాలుగు టైర్లూ చదివాక స్టెప్నీ దింపించాను. అది మిగతావాటి కంటే సన్నది, చిన్నది. పంక్చరైన పెద్ద టైరు దాని చోట పట్టదు. ఆరుగురు, సామాను ఉన్న రోజున దాన్ని ఎక్కడ పెడతారో అని బావను అడిగాను. ఇంకా ఆలోచిస్తున్నాడు.