ఖాళీ స్థలంలో నాటు గడ్డి పెంచడం ఎలా?

గుంటూరు చుట్టుపక్కల ప్లాటు కొనగానే చాలామంది జేసీబీ పిలిచి గడ్డంతా గీకించేస్తారు. అలా గీకిన నేల మీద ముందు లేచేది వయ్యారిభామే. ఇల్లు కట్టడానికి రెండుమూడేళ్లు టైముంటే దయచేసి ఆ నేలను గడ్డికి వదలండి, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

ముందు అక్కడ ఉన్నదేంటో చూడండి. తొలకరి పడ్డాక ఓ నెల ఆగి, కాడను వేళ్ల మధ్య పెట్టి తిప్పండి. మూడు పలకలు తగిలితే తుంగ, గుండ్రంగా ఉండి కణుపులు తగిలితే గడ్డి. గరిక ఉంటే సగం పని అయినట్టే.

తర్వాత కలుపు. వయ్యారిభామ ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది కాబట్టి పూత రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు వేళ్లతో సహా పీకాలి, గ్లౌజులు మాత్రం తప్పనిసరి, చాలామందికి అది ఒంటికి పడదు. సర్కారు తుమ్మ మొలకల్ని కూడా అప్పుడే లాగెయ్యండి, ముదిరితే రావు. కలుపు మందు వద్దు, యూరియా అసలే వద్దు: ఎరువు పడితే ఒకటి రెండు దూకుడు రకాలే పెరిగి మిగతావాటిని తొక్కేస్తాయి.

ఇక గింజలు. వానలు తగ్గాక పొలం గట్ల మీద ఎండిన కంకుల్ని చేత్తో దువ్వితే గింజలు రాలివస్తాయి, ఒకేచోట మొత్తం ఊడ్చెయ్యకండి. నడుస్తుంటే బట్టలకి గుచ్చుకునే గడ్డి ఒకటుంటుంది, దాని గింజకి పొడవాటి ముదురు రంగు మీసం ఉంటుంది. ఆ గింజను అరచేతిలో పెట్టి ఒక్క నీటిచుక్క వేసి చూడండి, మీసం మెలి విప్పుకుంటూ మెల్లగా తిరుగుతుంది! తడికి విప్పుకుని, ఎండకి మళ్లీ మెలిపడుతూ మొనను మట్టిలోకి తోసుకుంటుంది. అందుకే దీన్ని పాతక్కర్లేదు, పైన చల్లితే చాలు. చాలా గడ్డి గింజలు రాలిన వెంటనే మొలవవు, కాబట్టి కాగితం సంచిలో పొడిగా దాచి జూన్‌లో చల్లండి.

కోత మాత్రం గింజ రాలాకే, డిసెంబరు తర్వాత, నేలకి జానెడు ఎత్తున. ఏటా సగమే కొయ్యండి, మిగతా సగంలో సీతాకోకచిలుకల పురుగులు బతుకుతాయి, మునియా పిట్టలు మేస్తాయి.

పాముల టెన్షన్ పక్కింటివాళ్లకి ఉంటుంది, అది న్యాయమే. చుట్టూ నాలుగడుగుల అంచు ఎప్పుడూ పొట్టిగా కోసి ఉంచండి, ఇటుకల గుట్టలు ఉంచకండి. మే నెల ఎండల్లో నిప్పు పాకకుండా ఆపడానికి కూడా ఆ అంచే పనికొస్తుంది.

మొదటి ఏడు అక్కడక్కడా బోడిగానే కనిపిస్తుంది, రెండో వానాకాలం దాటేదాకా ట్రాక్టరు పెట్టించకండి.