పాటల్లో రష్యన్ – ఏడో పాఠం: అడవిలోకి నక్క ఎలా వచ్చింది?

ఆరో పాఠం చివర ఇచ్చిన పని చూడ్డానికి చిన్నదే. రష్యాలో ఏ పిల్లాణ్ణి నిద్రలేపి అడిగినా పాడేసే కొత్త సంవత్సరం పాట ఒకటి వినమన్నాను. మొదటి రెండు పాదాలు చెవికి ఎలా వినబడితే అలా రాసుకుని, నిఘంటువు చూసి అర్థం పంపమన్నాను. వచ్చిన జవాబుల్లో అడవి కనబడితే ఒట్టు. అందరికీ నక్కే దొరికింది. "నక్కలోకి ఓ చిన్న చెట్టు పుట్టింది" అని చాలామంది రాశారు. అర్థం కుదరలేదని ఒకరు "నక్క కడుపున చెట్టు పుట్టెను" అంటూ కాస్త పురాణం కూడా కలిపారు.

అందుకని ఈసారి మొదలుపెడదామనుకున్న క్రియల జంటలు వాయిదా వేస్తున్నాను. ముందు ఈ నక్క సంగతి తేల్చాలి. లిపి, లింగాలు, నువ్వు–మీరు తేడా లాంటివి మళ్ళీ చెప్పను. తెలుగువాళ్ళకి నువ్వు–మీరు గురించి పాఠం చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే.

పాట పుట్టుక గురించి రెండు మాటలు. మాటలు రాసింది రయీసా కుదాషెవా. 1903లో పిల్లల పత్రికలో కవితగా వచ్చింది. 1905లో దానికి బాణీ కట్టిన లియొనీద్ బెక్మన్ వృత్తిరీత్యా సంగీతకారుడు కాడు. కూతురి కోసం కూనిరాగంగా అల్లితే, పియానిస్టు అయిన భార్య స్వరాలు రాసిపెట్టింది. 1920ల చివర క్రిస్మస్ చెట్టు మీద సోవియట్ ప్రభుత్వం కన్నెర్ర చేసింది. 1935 చివర అదే చెట్టు కొత్త సంవత్సరం చెట్టుగా తిరిగొచ్చింది, దాంతోపాటే ఈ పాట స్థిరపడిపోయింది.

ఇక అసలు విషయం. రష్యన్ మాటలు తెలుగు లిపిలో చూపించేటప్పుడు నాదో అడ్డదారి ఉంది. నొక్కి పలికే అచ్చుకి దీర్ఘం పెడతాను, మిగతావన్నీ హ్రస్వాలే. ఆ లెక్కన మన రెండు పాదాలు ఇవి:

వ్లిసూ రదిలాస్ యోలచ్క,
వ్లిసూ అనా రస్లా.

అడవిలో పుట్టింది చిన్ని చెట్టు, అడవిలోనే అది పెరిగింది. అంతే. ఇప్పుడు రాతలో చూడండి. అక్కడ "లెసు" అని ఉంటుంది, "లిసు" కాదు. "రొదిలాస్", "ఒనా", "రొస్లా" అని ఉంటుంది. నొక్కు లేని చోట "ఒ" అక్షరం "అ" అయిపోతుంది, "ఎ" అక్షరం దాదాపు "ఇ" అయిపోతుంది. రష్యన్‌లో అడవి అంటే లేస్. "అడవిలో" అన్నప్పుడు నొక్కు చివరికి జారుతుంది, దాంతో "లే" కాస్తా "లి" అవుతుంది. నక్క అంటే లిసా, "నక్కని" అంటే లిసూ. రెండూ చెవికి ఒకటే. రష్యన్‌వాళ్ళ చెవికీ ఒకటే, కాకపోతే వాళ్ళకి చిన్నప్పటినుంచీ చెట్టు పుట్టేది అడవిలోనే అని తెలుసు.

ఈ ఒక్క విషయం దగ్గర నాకు ఓపిక తక్కువ, కాబట్టి సాగదీసే చెబుతాను. తెలుగులో ప్రతి అక్షరానికీ దాని వాటా దానికి దక్కుతుంది. హ్రస్వమైతే ఒక మాత్ర, దీర్ఘమైతే రెండు. రష్యన్‌లో మాటకి ఒక్క అచ్చే పెద్దమనిషి, మిగతావన్నీ నోరు సగం తెరిచి దాటేసేవే. మనవాళ్ళు "మొలొకొ" అని మూడు ఒకారాలూ నిండుగా పలుకుతారు. పాల కోసం కొట్టుకెళ్ళి అలా అడిగితే పాలు ఇస్తారు, కానీ మొహంకేసి ఓసారి చూసి మరీ ఇస్తారు. అక్కడ వినబడేది "మలకో". "మంచిది, బాగుంది" అనే మాట రాతలో మూడు ఒకారాలతో ఉంటుంది, నోట్లో "హరషో". "నగరం" అన్నప్పుడు "గోరత్", బహువచనంలో "గరదా". అదే మాట, నొక్కు జరిగితే వేషం పూర్తిగా మారిపోయింది. చివరి "ద్" కూడా "త్" అయిందని గమనించారా? మాట చివర గ, ద, వ లాంటి హల్లులు క, త, ఫ అయిపోతాయి. స్నేహితుడు రాతలో "ద్రుగ్", పలుకులో "ద్రూక్". రక్తం "క్రోఫ్", ప్రేమ "ల్యుబోఫ్", రెంటికీ రాతలో చివర ఉండేది వకారమే.

అయితే పాటలో ఇంకో చిక్కు ఉంది. రాగం కోసం నొక్కు లేని అచ్చుని కూడా సాగదీస్తారు. అంటే నా దీర్ఘాల అడ్డదారి పాటకి పనికిరాదు. "అనా"లో మొదటి "అ"ని గాయకుడు ఎంతసేపు పట్టుకున్నా అది "అ"గానే ఉంటుంది, "ఒ" అవ్వదు. పొడవు మారుతుంది, రంగు మారదు. దీన్నుంచి నేను రోజూ వాడే ఉపాయం ఒకటి వచ్చింది: పాటలో ఎక్కడ నిండైన "ఓ" వినబడితే అక్కడ నొక్కు ఉన్నట్టే. "రాదియొ" లాంటి అరువు మాటలు, వోల్గా వైపూ ఉత్తరాన వొలొగ్దా వైపూ పల్లె యాస తప్పిస్తే ఇది దగా చెయ్యదు.

రెండో తడబాటు చిన్న మాటలది. వ్, క్, స్. వీటికి అచ్చు లేదు, సొంత ఉనికి లేదు. పక్కమాట చంకనెక్కి కూర్చుంటాయి. "నీ దగ్గరికి" అంటే "క్తిబే", "నీతో" అంటే "స్తబోయ్". నిఘంటువులో "క్తిబే" వెతికి దొరకలేదని టెన్షన్ పడినవాళ్ళున్నారు. దొరకదు మరి. ఇంకొందరు స్కూలుని ఇస్కూలు చేసినట్టు "వి లిసు" అని మధ్యలో అచ్చు దూర్చారు. అలా దూర్చకండి. హల్లు మీద హల్లు వేసి ఒక్క ఊపులో పలకండి. ముందున్న "వ్" కూడా ఎప్పుడూ "వ్"గా ఉండదు. "వ్లిసూ"లో వకారమే, "తోటలో" అన్నప్పుడు సకారం పక్కన పడి "ఫ్సదూ". మాస్కో శివార్ల సాయంత్రాల మీద 1950ల మధ్యలో సొలొవ్యోవ్-సెదోయ్ బాణీ కట్టిన పాట మొదటి పాదంలోనే ఈ "ఫ్సదూ" ఉంది. ఆ బాణీ 1964 నుంచి మాయక్ రేడియోకి గుర్తు సంగీతం, కాబట్టి పాట పేరు తెలియనివాళ్ళు కూడా విన్నారు.

ఇప్పుడు ఒక ఫిర్యాదు. "ఐదో పాఠంలో 'లో' అనడానికి చివర ఎకారం చేర్చాలన్నారు, ఇక్కడ ఊకారం ఎందుకొచ్చింది?" అని అడిగారు. ఐదో పాఠానికి అది అక్కర్లేదు, కావాలనే వదిలేశాను. ఎకారమే మామూలు పద్ధతి. పొట్టి పుంలింగ పదాలు కొన్నిటికి మాత్రం వ్, న అనే రెండు చిన్నమాటల తర్వాత నొక్కుతో ఊకారం వస్తుంది. అడవిలో వ్లిసూ, తోటలో ఫ్సదూ, వంతెన మీద నమస్తూ, నేల మీద నపలూ, క్రిమియాలో ఫ్క్రిమూ. నొక్కు ఎప్పుడూ ఆ ఊకారం మీదే. "అడవి గురించి" అంటే మళ్ళీ మామూలు ఎకారమే వస్తుంది. మనం "ఒడ్డున, గట్టున" అని కొన్ని మాటలకే "న" చేర్చి, మిగతావాటికి "లో, మీద" అనడం లేదూ? అక్కడ మీకు ఎవరూ పట్టిక ఇవ్వలేదు. నేనూ ఇవ్వను. పాటలే ఇస్తాయి.

అదే రాత, నొక్కు మాత్రం వేరుగా ఉండే జోడీ ఒకటి చూడండి. మాస్కో ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్రలో కొనుక్కుని పెరిగినవాళ్ళకి బాబా యాగా అనే మంత్రగత్తె, కోడికాళ్ళ మీద నిలబడ్డ ఆమె గుడిసె గుర్తుండే ఉంటాయి. కథానాయకుడు ఆ గుడిసెతో "అడవివైపు వీపు పెట్టు, నావైపు ముఖం పెట్టు" అంటాడు. రష్యన్‌లో "క్లేసు జాదమ్, కమ్న్యే పేరిదమ్". "అడవివైపు" అంటే "క్లేసు", నొక్కు ముందు. "అడవిలో" అంటే "వ్లిసూ", నొక్కు వెనక. రాతలో రెండూ "లెసు"యే.

"కత్యూష" పాట దగ్గరికొద్దాం. 1938 నాటిది, మాటలు ఇసకోవ్‌స్కీవి, బాణీ బ్లాంటెర్‌ది. యుద్ధంలో రాకెట్లు ప్రయోగించే లారీలకి సైనికులు ఆ అమ్మాయి పేరే పెట్టుకున్నారు. పాటలో ఆమె ఏటి ఒడ్డుకి వస్తుంది. "ఒడ్డుకి" అంటే "నబేరిక్". "ఒడ్డున" అని ఉంటే "నబిరిగూ" అయ్యేది. ఒక్కసారి పైకి పలికి చూడండి. బేరిక్, బిరిగూ. మొదటిదానిలో "బే", రెండోదానిలో "బి". మొదటిదాని చివర "క్", రెండోదానిలో అదే "గ". ఇవి ఒకే మాటకి రెండు రూపాలంటే మొదట నమ్మబుద్ధి కాదు. కానీ మీకిప్పుడు కారణాలన్నీ తెలుసు: నొక్కు జారింది, అచ్చు నలిగింది, మాట చివర కకారంగా మారిన హల్లుకి వెనక అచ్చు దొరకగానే గకారం తిరిగొచ్చింది. కు, న తేడా తెలుగులో ఉన్నట్టే ఉంది కాబట్టి అర్థం దగ్గర మనకి ఇబ్బంది లేదు. హిందీలో ఆలోచించేవాళ్ళకంటే మనకిది సులువని నా నమ్మకం.

పుట్టినరోజు పాట కూడా ఇదే తరహా. 1971 నాటి చెబురాష్క కార్టూన్‌లో గేనా అనే మొసలి అకార్డియన్ వాయిస్తూ పాడతాడు. సంగీతం షయీన్‌స్కీది. పుట్టినరోజుకి అంత దిగులు రాగం ఎందుకో నాకు అంతుపట్టదు, అయినా ఆ దేశంలో పుట్టినరోజంటే ఇదే పాట. "విచారించాల్సిన విషయమేంటంటే పుట్టినరోజు ఏడాదికి ఒక్కసారే" అంటాడు. చివర "వ్గదూ" అని వస్తుంది. విడిగా ఏడాది "గోత్". ఇందులోనే "క్సజలేన్యు" అని ఒకటుంది. నిఘంటువు రూపంలో ఆ మాటకి ఇంకో అక్షరం ఎక్కువ, ఛందస్సు కోసం మింగేశారు. పాటల్లో ఇది మామూలే. అన్నట్టు, ఈ పాట మొదట్లో బాటసారులు "నిఉక్ల్యూజ" పరుగెడుతున్నారని ఉంటుంది, అంటే తడబడుతూ. రష్యన్ పిల్లలు దాన్ని ఏదో జంతువు పేరనుకుంటారని అక్కడ పాత జోకు. కాబట్టి మీ నక్క గురించి మరీ చిన్నబుచ్చుకోకండి.

డిక్టేషన్‌కి ఎవరి పాటలు వినాలని అడిగారు. నా ఓటు విక్తర్ త్సోయ్‌కి. లెనిన్‌గ్రాద్‌లో "కమ్చాత్క" అనే బాయిలర్ గదిలో బొగ్గు వేస్తూనే "కినో" రాక్ బృందాన్ని నడిపాడు. 1990 ఆగస్టులో లాత్వియాలో కారు ప్రమాదంలో పోయాడు, అప్పటికి 28 ఏళ్ళు. గొంతులో గమకాల్లేవు, మాటకీ మాటకీ మధ్య చోటుంటుంది. 1988 నాటి "గ్రూప క్రోవి"లో పల్లవి మొదట్లోనే "నరుకవే" అని వినబడి ఒకమ్మాయి ఉలిక్కిపడిందట. కంగారు లేదమ్మా, అది "న రుకవే", చొక్కా చేతి మీద. సైనికుల దుస్తుల మీద రక్తం గ్రూపు రాసి ఉండటం గురించి పాట. ఇక్కడ మామూలు ఎకారమే వచ్చింది. కవి, గాయకుడు విసోత్‌స్కీని మాత్రం ఇప్పుడే ముట్టుకోవద్దు. ఆయన అచ్చుల్ని వదిలేసి "ర్ర్ర్", "న్న్న్" అని హల్లుల్ని సాగదీస్తాడు. వినడానికి గొప్పగా ఉంటుంది, రాయడానికి నరకం.

చివరిగా, పాట మొత్తం తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టేవాళ్ళకి. మిథున్ చక్రవర్తి డిస్కో పాట సోవియట్ దేశంలో ఊరూరా మోగింది. అందులో "ఆజా, ఆజా" అని ఉంటే వాళ్ళు తమ లిపిలో "ఆచా, ఆచా" అని రాసుకున్నారు. ఇప్పటికీ అలాగే పాడతారు. మీరు రాసుకునేదీ అలాగే తయారవుతుంది. నేనిక్కడ తెలుగులో చూపిస్తున్నది ధ్వని ఎటు పోతుందో తెలియడానికే.

అభ్యాసం. గేనా పాట సాహిత్యం చూడకుండా మూడుసార్లు విని, పక్కమాటకి అతుక్కున్న వ్, క్, స్ అన్నిటినీ పట్టుకోండి. "కత్యూష"లో ప్రతి రష్యన్ "న" దగ్గరా తెలుగులో "కు" అవుతుందా, "న" అవుతుందా రాయండి. ఆ తర్వాత "గ్రూప క్రోవి" ఆల్బమ్ మొదటి పాట నుంచి ఆఖరి పాట దాకా విని, నిండైన "ఓ" వినబడిన ప్రతి మాటా రాయండి. అవును, ఆల్బమ్ మొత్తం. రెండు వారాలు టైముంది. జవాబులు రష్యన్ లిపిలో, నొక్కు గుర్తులతో పంపండి. తెలుగు లిపిలో వచ్చినవి దిద్దను.