నూర్ ఇనాయత్ ఖాన్‌కు హైదరాబాదులో స్మారక ఫలకం: కాగితం దగ్గర్నుంచి గోడ దాకా

రెండో ప్రపంచ యుద్ధంలో నాజీల ఆక్రమణలో ఉన్న ఫ్రాన్స్‌లోకి బ్రిటన్ రహస్య సంస్థ ఎస్ఓఈ పంపిన వైర్‌లెస్ ఆపరేటర్ నూర్ ఇనాయత్ ఖాన్. 1943 జూన్ 16 రాత్రి లైసాండర్ విమానంలో వెళ్లింది. అక్టోబరులో పారిస్‌లో పట్టుబడింది. 1944 సెప్టెంబరు 13న డాఖౌ శిబిరంలో కాల్చి చంపారు. 1949లో మరణానంతరం బ్రిటన్ సాహస పురస్కారం జార్జ్ క్రాస్ ఇచ్చారు. లండన్‌లో గోర్డన్ స్క్వేర్‌లో 2012లో ఆమె విగ్రహం వెలిసింది, 2020లో టావిటన్ స్ట్రీట్‌లో ప్రముఖులు ఉన్న ఇళ్లను గుర్తుపెట్టే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ వాళ్ల నీలం ఫలకం పడింది. హైదరాబాదులోనూ ఒకటి పెట్టాలని మీ సొసైటీ అనుకుంటే, పని ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ చెడుతుందో చూద్దాం.

ముందు తేల్చుకోవాల్సింది: ఈ ఊరితో బంధం నూర్‌ది కాదు, ఆమె తండ్రిది. బరోడాలో 1882లో పుట్టిన హజ్రత్ ఇనాయత్ ఖాన్ 20వ శతాబ్దం తొలి ఏళ్లలో ఇక్కడికి వచ్చి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కొలువులో పాడి, ఇక్కడి సూఫీ గురువు సయ్యద్ అబూ హాషిం మదనీకి శిష్యుడయ్యారు. 1907లో గురువు పోయారు. 1910లో ఇనాయత్ ఖాన్ అమెరికాకు ఓడెక్కారు. నూర్ పుట్టింది 1914లో, మాస్కోలో. కాబట్టి ‘హైదరాబాద్ ఆడపడుచు’, ‘మన ఊరి గూఢచారిణి’ లాంటి మాటలు కరపత్రంలోకి కూడా రానివ్వకండి. అవి ముందు పత్రికల్లోకి ఎక్కుతాయి, తర్వాత ఫలకం మీదికి ఎక్కుతాయి, ఆపై ఎవరో ఒకరు ఆధారం అడుగుతారు. తండ్రి ద్వారా ఉన్న బంధమే చాలినంత గట్టిది, దాన్ని ఉన్నదున్నట్టు చెబితే చాలు.

ఆధారాల ఫైలు

ఫలకం మీద పడే ప్రతి మాటకూ ఒక కాగితం ఉండాలి. ఎడమవైపు మాట, కుడివైపు దాని ఆధారం రాసి ఒక పట్టిక చేసుకోండి. ఆధారం దొరకని మాటను కొట్టేయండి. బతిమాలి నిలబెట్టుకోవద్దు.

నూర్ విషయంలో ఇది తేలికే. ఆమె ఎస్ఓఈ వ్యక్తిగత ఫైలు లండన్ శివారు క్యూ (Kew) ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో హెచ్ఎస్ 9/836/5 నంబరుతో ఉంది. జార్జ్ క్రాస్ ప్రకటన 1949 ఏప్రిల్ 5 నాటి లండన్ గెజెట్‌లో వచ్చింది, అది ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. సమాధి లేని వైమానిక సిబ్బంది పేర్లు చెక్కిన రన్నీమీడ్ స్మారకం మీద ఆమె పేరూ ఉంది. వెతికేటప్పుడు ఒక్క పేరుతో ఆగకండి: మహిళా వైమానిక దళంలో నోరా బేకర్, ఫ్రాన్స్‌లో దొంగ గుర్తింపు పత్రాల మీద జీన్-మరీ రెనియే, సంస్థలో కోడ్ పేరు మదలెన్. టిప్పు సుల్తాన్ వంశం అన్నది కుటుంబంలో చెప్పుకుంటూ వచ్చిన మాట. ప్రసంగంలో అలాగే చెప్పొచ్చు, రాతి మీద వద్దు.

తండ్రి విషయమే కష్టం. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్, అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, సాలార్‌జంగ్ మ్యూజియం గ్రంథాలయం, పంజాగుట్ట దగ్గరి ఇదారె అదబియాతె ఉర్దూ, ఈ నాలుగూ తిరగాలి. నిజాం సర్కారు కాగితాలు ఎక్కువగా ఉర్దూ, పారసీల్లో ఉంటాయి. చేతిరాత చదవగలిగిన మనిషి మీ కమిటీలో లేకపోతే ముందు ఆ మనిషిని వెతకండి. తేదీలు ఫసలీలో (నిజాం సర్కారు వాడిన క్యాలెండరు) ఉంటే జాగ్రత్త. హైదరాబాద్ ఫసలీ ఏడాది అక్టోబరు 6న మొదలవుతుంది. ఇంగ్లిష్ ఏడాది రావాలంటే ఫసలీ ఏడాదికి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. అంతటికీ ఒకే లెక్క కలిపేస్తే ఏడాది తేడా వస్తుంది, ఆ తప్పు రాతిలోకి దిగుతుంది.

ఇంటి కోసం వెతికేటప్పుడు ఇప్పటి డోర్ నంబర్లతో పని జరగదు. మొహల్లా పేరు పట్టుకుని, 1910 దశకంలో లియొనార్డ్ మన్ తయారుచేయించిన మున్సిపల్ సర్వే పటాల్లో చూడాలి. 1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద ఇనాయత్ ఖాన్ ఇక్కడ ఉన్న కాలం తర్వాతే వచ్చింది. నది ఒడ్డు మొహల్లాల్లో అప్పటి ఇళ్లు చాలా కొట్టుకుపోయాయి. అందుకే ‘ఇదే ఆయన ఇల్లు’ అని ఎవరైనా చూపిస్తే, అది వరదకు ముందు కట్టిందా తర్వాత కట్టిందా అన్నది మొదటి ప్రశ్న. ఇల్లు తేలకపోతే ఇంటి జోలికి పోవద్దు. ఒప్పుకునే గ్రంథాలయమో, కాలేజీయో, సంగీత పాఠశాలో చూసుకుని, ఫలకంలో ‘ఇక్కడ’ అనకుండా ‘హైదరాబాదులో’ అనండి. లండన్ వాళ్లు సైతం టావిటన్ స్ట్రీట్ ఇంటి మీద ఆమె ‘నివసించింది’ అనలేదు, ‘బస చేసింది’ అన్నంత వరకే రాశారు.

గోడ ఎవరిది?

విగ్రహం కావాలని కమిటీలో ఎవరో ఒకరు తప్పక అంటారు. రోడ్ల మీద, ఫుట్‌పాత్‌ల మీద, ప్రజోపయోగ స్థలాల్లో కొత్త విగ్రహాలకు, కట్టడాలకు అనుమతి ఇవ్వొద్దని సుప్రీంకోర్టు 2013 జనవరి 18న రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత కూడా విగ్రహాలు లేస్తూనే ఉన్నాయి గానీ, ఆ దారి మీ సొసైటీకి వద్దు. కాంపౌండు లోపలి గోడో, రోడ్డుకు కనిపించే ప్రైవేటు గోడో చూసుకోండి.

ప్రైవేటు భవనమైతే యజమాని నిరభ్యంతర పత్రాన్ని స్టాంపు పేపరు మీద నోటరీతో తీసుకోండి. పాతబస్తీ ఇళ్లలో యజమాని అంటే ఒక్కరు ఉండరు. వారసులందరి సంతకాలూ కావాలి, దుబాయ్‌లో ఉన్న తమ్ముడిది కూడా. ఒక్క సంతకం తక్కువైనా ఆవిష్కరణకు వారం ముందు అభ్యంతరం వస్తుంది. వక్ఫ్ ఆస్తి అయితే దాన్ని చూసుకునే ముతవల్లి మాట చాలదు, వక్ఫ్ బోర్డుకు రాయాలి. 2017 తెలంగాణ హెరిటేజ్ చట్టం కింద రక్షణ ఉన్న భవనమైతే మేకు కొట్టే ముందే హెరిటేజ్ శాఖ అనుమతి అవసరం. చార్మినార్, గోల్కొండ లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడాలకు 100 మీటర్ల లోపు కొత్త నిర్మాణం నిషిద్ధం, ఆపై 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ ఉన్న గోడకు ఫలకం బిగించడం వేరు, దిమ్మె కట్టడం వేరు. దిమ్మె ఆలోచన మానుకోండి.

డబ్బు సంగతి క్లుప్తంగా. సొసైటీ రిజిస్టర్ కావాలంటే కనీసం 7గురు సభ్యులుండాలి. బ్యాంకు ఖాతాకు జంట సంతకాలు పెట్టండి. విదేశీ చందాల దగ్గరే చాలామంది చిక్కుల్లో పడతారు. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా విదేశీయుల నుంచి ఒక్క రూపాయి తీసుకోకూడదు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారై తన సొంత సంపాదన నుంచి ఇస్తే అది విదేశీ చందా కాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో ఉన్న మన బంధువు ఇస్తే అది విదేశీ చందానే. రసీదు రాసే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఏం రాయాలి, ఎంత పెద్దగా రాయాలి

20 మాటలకు మించొద్దు. ఒక నమూనా:

నూర్ ఇనాయత్ ఖాన్, జార్జ్ క్రాస్
1914–1944
నాజీ ఆక్రమిత ఫ్రాన్స్‌లో
రహస్య వైర్‌లెస్ ఆపరేటర్
ఈమె తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్
హైదరాబాదులో సూఫీ దీక్ష పొందారు

ఇందులో ‘వీరనారి’ లేదు, ‘మొట్టమొదటి’ లేదు. ఆమె చేసిన ఉద్యోగం పేరు చెబితే చదివేవాడికి మిగతాది అర్థమవుతుంది. కింద ఆవిష్కర్తల పేర్లు కూడా లేవు. మన ఊళ్లో శిలాఫలకాల మీద మంత్రి పేరు ఎంత లావుగా ఉంటుందో, ఎవరి కోసం పెట్టారో ఆ పేరు అంత సన్నగా ఉంటుంది. తప్పదనుకుంటే ఆ పేర్లకు విడిగా చిన్న స్టీలు రేకు చేయించి లోపలి గోడకు పెట్టండి.

తెలుగు ఒక్కటే అయితే 60×45 సెంటీమీటర్ల రాయి సరిపోతుంది. ఉర్దూ, ఇంగ్లిష్ కూడా కావాలంటే 90×60 కంటే తగ్గదు. మందం 20 మిల్లీమీటర్లు. చిన్నది సుమారు 15 కిలోలు, పెద్దది 30 కిలోలు తూగుతుంది. రెండు మూడు మీటర్ల దూరం నుంచి చదవాలి కాబట్టి పేరుకు 35 మిల్లీమీటర్లు, మిగతా వరుసలకు 22 మిల్లీమీటర్ల ఎత్తు అక్షరం ఉండాలి. తెలుగుకు వరుసల మధ్య ఎడం బాగా ఇవ్వాలి, అక్షరం ఎత్తుకు 1.8 రెట్లు. ఇంగ్లిష్ లెక్కన ఇస్తే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీద కూర్చుంటాయి. అక్షరం గీత ఎక్కడా 2 మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండకూడదు. ఇసుకను ఒత్తిడితో కొట్టి చెక్కే సాండ్ బ్లాస్టింగ్‌లో సన్నగీతల అంచులు రాలిపోతాయి.

నల్ల గ్రానైటే మంచిది. ఇత్తడి, కంచు ఫలకాలు పాత సామాన్ల దుకాణానికి వెళ్లిపోతాయి. పాలరాయి మన ఎండకు, వానకు పదేళ్లలో గరుకెక్కి అక్షరం మసకబారుతుంది. అక్షరాలు 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు తవ్వించి, లోపల తెల్ల రంగు వేయించండి. బంగారు రంగు త్వరగా పొట్టు లేస్తుంది.

అక్షర దోషాలు పుట్టేది గ్రానైట్ షాపు కంప్యూటర్‌లో. మీరు వాట్సాప్‌లో యూనికోడ్‌లో పంపిన వాక్యాన్ని అక్కడి కుర్రాడు పాత కోరెల్‌డ్రాలో అతికించినా, యూనికోడ్ కాని అను ఫాంట్లలో మళ్లీ కొట్టినా మాటలు మారిపోతాయి. పై నమూనాలో రెండు చోట్ల గండం ఉంది. ‘ఫ్రాన్స్‌లో’ కాస్తా ‘ఫ్రాన్స్లో’ అవుతుంది, ‘వైర్‌లెస్’ కాస్తా ‘వైర్లెస్’ అవుతుంది. పొల్లు తర్వాత ఉండాల్సిన కనిపించని విరామ గుర్తు ఊడిపోయి, తర్వాతి అక్షరం ఒత్తుగా కిందికి దిగుతుంది. అందుకని టెక్స్ట్ పంపకండి. అక్షరాలను కర్వ్స్‌గా, అంటే ఫాంటుతో పని లేని గీతల బొమ్మలుగా, మార్చిన పీడీఎఫ్ పంపండి. ఉర్దూకైతే ఛత్తా బజార్‌లో ఉర్దూ లిపి శైలి నస్తాలీఖ్ రాసేవారితో గానీ ఉర్దూ సాఫ్ట్‌వేర్ ఇన్‌పేజ్‌లో గానీ చేయించి, అదీ కర్వ్స్‌గానే ఇవ్వండి. లేకపోతే అక్షరాలు విడివిడిగా, ఎడమ నుంచి కుడికి పడతాయి. స్టెన్సిల్ రాయికి అంటించాక, ఇసుక కొట్టకముందు ఇద్దరు మనుషులు షాపుకు వెళ్లాలి: ఒకరు పీడీఎఫ్ నుంచి అక్షరం అక్షరం పైకి చదవాలి, ఇంకొకరు రాయి మీద వేలు పెట్టి చూడాలి. ఆ కాగితం మీద షాపు వాళ్ల సంతకం తీసుకోండి.

క్యూఆర్ కోడ్ రాతిలో చెక్కొద్దు. వెబ్‌సైటు అద్దె కట్టడం ఆగిన రోజున అది ఉత్త గళ్ల ముగ్గు. ఊడదీసి మార్చుకునే చిన్న రేకు మీద పెట్టండి.

గోడకు బిగించడం

పాత భవనం గోడ డంగు సున్నంతో కట్టిందైతే సిమెంటు దగ్గరికి రానివ్వకండి. సిమెంటు సున్నం కంటే గట్టిది, గోడలో చెమ్మను బయటికి పోనివ్వదు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఫలకం చుట్టూ పూత ఉబ్బి, తెల్ల ఉప్పు పూసి, పెళ్లలుగా రాలుతుంది. రాయి నిలుస్తుంది, గోడ పోతుంది.

చిన్న ఫలకానికి 4, పెద్దదానికి 6 స్టెయిన్‌లెస్ స్టీలు కడ్డీలు కావాలి, 8 మిల్లీమీటర్లవి, 316 గ్రేడు. మామూలు ఇనుము తుప్పు పట్టి ఉబ్బి గ్రానైటును మూల దగ్గర చీల్చేస్తుంది. రాతిలో రంధ్రం 10 మిల్లీమీటర్లు ఉండాలి. పడమటి ఎండకు రాయి వ్యాకోచించినా ఆ కాస్త సందు ఆదుకుంటుంది. అంచు నుంచి రంధ్రం మధ్యకు 50 మిల్లీమీటర్లు వదలండి. గోడలో 80 నుంచి 100 మిల్లీమీటర్ల లోతుకు, రాళ్ల మధ్య సున్నం అతుకులోనే తవ్వాలి, రాతిలో కాదు. డ్రిల్లును హ్యామర్ మోడ్‌లో పెట్టొద్దు, ఉత్తగా తిప్పుతూ నెమ్మదిగా పోవాలి. లోపల డొల్ల తగిలితే జాలీ గొట్టం దూర్చి, కడ్డీని పట్టి ఉంచే జిగురు రెజిన్ నింపండి, లేదంటే రెజిన్ అంతా గోడ కడుపులోకి జారిపోతుంది. ఫలకం వెనక 6 మిల్లీమీటర్ల వాషర్లు వేసి గాలి ఆడేలా సందు వదలండి. మేస్త్రీ ఆ సందును చూసి పనితనం లోపం అనుకుని నింపబోతాడు, ముందే చెప్పి పెట్టండి. రసమట్టం పెట్టి చూసుకున్నాకే రెజిన్ ఆరనివ్వాలి.

కింది అంచు నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. అంతకంటే దిగితే కోచింగ్ సెంటర్ పోస్టర్లు, పాన్ మరకలు. మరీ పైకి పోతే అక్షరాలు పెంచాలి.

ఆవిష్కరణ రోజు

సెప్టెంబరు 13 అందరికీ తోచే తేదీ. నూర్ ప్రాణం పోయిన రోజు అది. 1910లో తండ్రి బొంబాయి నుంచి ఓడెక్కిందీ అదే తేదీన. కానీ హైదరాబాదులో ఆ వారం చాలా ఏళ్లు గణేశ్ నిమజ్జనంతోనో, 17 నాటి కార్యక్రమాలతోనో కలిసిపోతుంది. పోలీసు బందోబస్తు దొరకదు, పాతబస్తీలో రోడ్లు మూసేస్తారు, పైగా వాన. ఆ ఏడాది పంచాంగం చూసుకుని, కుదరకపోతే ఆమె పుట్టిన జనవరి 1కి మార్చండి. బ్రిటిష్ డిప్యూటీ హైకమిషన్‌కు, ఫ్రెంచి సాంస్కృతిక కేంద్రం అలయాన్స్ ఫ్రాంసేజ్‌కు రెండు నెలల ముందే ఉత్తరాలు వెళ్లాలి. వాటితో పాటు ఆధారాల పట్టిక కూడా జత చేయండి.

భవన యజమానితో రాసుకునే పత్రంలో మూడు వాక్యాలు తప్పక ఉండాలి. గోడకు రంగు వేసేటప్పుడు ఫలకం మీద ప్లాస్టిక్ కప్పాలి. శుభ్రం చేయడానికి నీళ్లు, మెత్తటి బ్రష్ తప్ప ఇంకేదీ వాడకూడదు. బాత్రూమ్ టైల్స్‌కు వాడే యాసిడ్ కొట్టారంటే గ్రానైటుకు పెద్దగా ఏమీ కాదు గానీ, దాని కింద సున్నం గోడ తెల్లగా తినుకుపోతుంది. ఇక భవనం కూల్చి అపార్టుమెంటు కట్టే రోజు వస్తే, 30 రోజుల ముందు సొసైటీకి తెలియజేసి ఫలకం తిరిగి అప్పగించాలి. రెజిన్‌లో దిగిన కడ్డీలకు బయట నట్లే ఉంటాయి కాబట్టి రాయి పగలకుండా అరగంటలో ఊడి వస్తుంది.